డిస్కులో ఏ భాష ఉండాలి?

స్వేచ్ఛా ఆపరేటింగ్ సిస్టం కొత్తగా విడుదలైన ప్రతిసారీ ఒక పాత తగాదా తలెత్తుతుంది. ఆ సిస్టంతో పాటు ఏ ప్రోగ్రామింగ్ భాషను కలిపి ఇవ్వాలి, దేన్ని వదిలేయాలి, ఆ మాట చెప్పే అధికారం ఎవరిది? లైసెన్సులు, పేటెంట్లు, డిస్కులో చోటు, భద్రత, బోధన అన్నీ ఈ వాదంలో ఒకదానిలో ఒకటి చిక్కుపడి ఉన్నాయి. ఎవరు ఏ ప్రశ్నకు జవాబు చెబుతున్నారో కూడా ఒక్కోసారి తెలియదు.

హైదరాబాదులో ఫైబర్ కనెక్షన్ ఉన్నవారికి ఇది పెద్ద విషయంగా తోచకపోవచ్చు. కావలసిన భాషను రెండు నిమిషాల్లో దించుకుంటారు. రైల్వే కాలనీలో పాత కంప్యూటరు మీద, ఫోను డేటాతో నెట్టుకొచ్చే విద్యార్థి పరిస్థితి వేరు. అతనికి డిస్కులో ఏది ఉంటే అదే భాష. అందుకే ఈ వాదాన్ని ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్ లాంటి ఊరి నుంచి చూడటం అవసరం.

బిలాస్‌పూర్‌కూ తెలుగువారికీ ముడి వేసింది రైలే. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే ఈ ఊరిని జంక్షన్ చేసింది. తరువాత వాల్తేరు కూడా ఆ రైల్వే కిందికే రావడంతో ఉద్యోగాలు, బదిలీలు తెలుగు కుటుంబాలను ఇటు తెచ్చాయి. 1931లో రాయ్‌పూర్–విజయనగరం లైను పూర్తయ్యాక రాకపోకలు ఇంకా సులువయ్యాయి. 2003లో సౌత్ ఈస్ట్ సెంట్రల్ రైల్వేకు బిలాస్‌పూర్ కేంద్రస్థానమైంది. ఇక్కడి తెలుగు పిల్లలకు ఇంట్లో తెలుగు, వీధిలో హిందీ, ఛత్తీస్‌గఢీ, కంప్యూటర్ పుస్తకంలో ఇంగ్లీషు. ఏ విడుదలనైనా వీరి చేతికిచ్చి చూస్తే వాదంలోని బలమూ బలహీనతా రెండూ బయటపడతాయి.

బేసిక్ రోజుల నుంచి

వ్యక్తిగత కంప్యూటర్ల తొలినాళ్లలో ఈ ప్రశ్నే లేదు. యంత్రాన్ని ఆన్ చేస్తే ఎదురుగా బేసిక్ ఉండేది. 1981లో బ్రిటన్‌లో వచ్చిన బీబీసీ మైక్రోలో ఆ భాష చిప్పులోనే ఉండేది. 1984–85లో మన కేంద్ర ప్రభుత్వం ‘క్లాస్’ పేరిట పాఠశాలల్లో కంప్యూటర్ అక్షరాస్యత పథకం మొదలుపెట్టినప్పుడు పంపినవి ఆ యంత్రాలే. 1991లో ఎంఎస్-డాస్ 5 కూడా క్యూబేసిక్‌తో వచ్చింది. కంప్యూటర్ కొంటే ప్రోగ్రామింగ్ భాష కూడా వచ్చినట్టేనని ఒక తరం అలవాటు పడింది.

యూనిక్స్ లోకంలో కథ వేరుగా నడిచింది. అక్కడ సీ కంపైలర్ మొదట్లో వ్యవస్థలో భాగం. 1990ల ఆరంభంలో సన్ కంపెనీ సొలారిస్ 2 తెచ్చినప్పుడు కంపైలర్‌ను విడదీసి వేరుగా అమ్మింది. అప్పటికే రిచర్డ్ స్టాల్‌మన్ 1987లో విడుదల చేసిన జీసీసీ ఉండటంతో చాలామంది అటు మళ్లారు. 1983లో ప్రకటించిన గ్నూ ప్రాజెక్టులో కంపైలర్‌కు అంత ముందుగా చోటు దక్కడానికి కారణం తేలికగానే అర్థమవుతుంది. వ్యవస్థను మార్చుకునే హక్కు కాగితం మీద ఎంత ఉన్నా, మార్చడానికి పనిముట్టు చేతిలో లేకపోతే ఆ హక్కు వాడకంలోకి రాదు. 1991లో లినక్స్, 1993లో డెబియన్ వచ్చేసరికి జీసీసీ లేని స్వేచ్ఛా ఆపరేటింగ్ సిస్టంను ఊహించే పరిస్థితి లేదు. మిగతా భాషల దగ్గరే పేచీ మొదలైంది.

అప్పట్లో డిస్కులో చోటు కూడా తక్కువే. ఒక సీడీ అంటే 700 ఎంబీ. 2005 నుంచి 2011 వరకు ఉబుంటు తన ‘షిప్‌ఇట్’ పథకం కింద సీడీలను అడిగినవారందరికీ ఉచితంగా పోస్టులో పంపింది. మన దేశంలో చిన్న ఊళ్లకు లినక్స్ చేరిన దారుల్లో అది ముఖ్యమైనది. ఆ సీడీలోకి ఒక భాష ఎక్కాలంటే ఇంకేదో దిగాల్సిందే.

లైసెన్సు గట్టున నిలబడ్డవారు

మొదటి వర్గానికి అన్నిటికన్నా ముందు లైసెన్సు. భాష ఎంత గొప్పదైనా దాన్ని చదివే, మార్చే, పంచే హక్కు లేకపోతే స్వేచ్ఛా వ్యవస్థలో చోటు లేదు. 1997లో డెబియన్ రాసుకున్న మార్గదర్శకాలు ఈ వైఖరికి పునాది.

జావా విషయంలో ఈ వర్గం గట్టిగా నిలబడింది. ప్రోగ్రామును స్వేచ్ఛగా పంచినా, అది నడవడానికి సన్ కంపెనీ జావా తప్పనిసరైతే ఉపయోగం లేదని స్టాల్‌మన్ 2004లో హెచ్చరించారు. 2006 మేలో సన్ ఒక మధ్యేమార్గం చూపింది. ఆపరేటింగ్ సిస్టంల పంపిణీదారులు జావాను కలిపి ఇవ్వడానికి వీలుగా ప్రత్యేక లైసెన్సు ప్రకటించింది. స్వేచ్ఛ లేని ప్యాకేజీల విభాగంలోకి మాత్రమే చేరగలిగిన ఆ ఏర్పాటు ఎవరినీ పూర్తిగా తృప్తిపరచలేదు. అదే ఏడాది నవంబరులో సన్ జావాను జీపీఎల్ అనే స్వేచ్ఛా లైసెన్సు కిందికి మారుస్తున్నట్టు చెప్పింది. 2008లో ఫెడోరా 9లో, 2009 ఫిబ్రవరిలో వచ్చిన డెబియన్ 5లో జావా స్వేచ్ఛా రూపమైన ఓపెన్‌జేడీకే అసలు విభాగంలోనే చేరింది. పంపిణీదారులు తలుపు తీయకపోవడం ఆ మార్పుకు ఒక్కటే కారణమని చెప్పలేం గానీ, ఆ ఒత్తిడి పాత్రను తక్కువ చేయలేం.

మోనో కథ ఇంత శుభ్రంగా ముగియలేదు. మైక్రోసాఫ్ట్ వారి సీ షార్ప్ భాషను లినక్స్ మీద నడిపే ఈ ప్రాజెక్టును 2001లో మిగెల్ దె ఇకాజా మొదలుపెట్టారు. దాని లైసెన్సు స్వేచ్ఛాయుతమే. భయమంతా పేటెంట్ల గురించే. 2009లో టామ్‌బాయ్ అనే చిన్న నోట్సు ప్రోగ్రాము కోసం డెబియన్ గ్నోమ్ డెస్క్‌టాప్‌తో మోనో కూడా వచ్చి చేరడంతో గొడవ రేగింది. ఫెడోరా 12 టామ్‌బాయ్‌ని తీసేసి, అదే పనిని సీ++లో చేసే గ్నోట్‌ను పెట్టింది. 2012లో ఉబుంటు 12.04 కూడా మోనో మీద ఆధారపడ్డ ప్రోగ్రాములను డిస్కు నుంచి దించేసింది. తరువాత పదేళ్లలో గాలి పూర్తిగా తిరిగింది. మైక్రోసాఫ్ట్ 2014లో సీ షార్ప్‌ను నడిపే డాట్‌నెట్ మూలాన్ని తెరిచింది, 2022లో డాట్‌నెట్ 6 నేరుగా ఉబుంటు భాండాగారంలోకి వచ్చింది. నాటి భయం నిరాధారమని దీన్నిబట్టి తీర్పు ఇవ్వడం తొందరపాటు. ఆ అభ్యంతరాలే లేకపోతే కంపెనీ అంత దూరం వచ్చేదా అన్నది ఎవరూ తేల్చలేరు.

వ్యవస్థకు ఎంత కావాలో అంతే

రెండో వర్గం చూపు లైసెన్సు మీద లేదు, నిర్వహణ మీద ఉంది. ఆపరేటింగ్ సిస్టం తన పని తాను చేసుకోవడానికి ఏ భాష కావాలో అది మాత్రమే లోపల ఉండాలి, మిగిలినవి అడిగినవారికి ప్యాకేజీలుగా అందాలి అని వీరి వాదన.

ఫ్రీబీఎస్‌డీ 2003 జనవరిలో వచ్చిన 5.0 నాటికి పెర్ల్‌ను మూల వ్యవస్థ నుంచి తప్పించింది. పెర్ల్ ఒక వేగంతో మారుతోంది, వ్యవస్థ ఇంకో వేగంతో. రెంటినీ కలిపి మోయడం కష్టమైంది. ఓపెన్‌బీఎస్‌డీ మాత్రం పెర్ల్‌ను ఉంచుకుంది, ఎందుకంటే దాని ప్యాకేజీల పనిముట్లు ఆ భాషలోనే రాసి ఉన్నాయి. ఒకే వంశంలోని రెండు వ్యవస్థలు ఒకే సూత్రాన్ని పట్టుకుని రెండు నిర్ణయాలకు వచ్చాయి.

పైథాన్ విషయంలో ఇది నొప్పిగా మారింది. ఫెడోరా, ఉబుంటు లాంటివి తమ ఇన్‌స్టాలర్లను, పనిముట్లను పైథాన్‌లోనే రాసుకున్నాయి. విద్యార్థులూ డెవలపర్లూ అదే పైథాన్‌ను సొంత పనికి వాడుకున్నారు, దాని లైబ్రరీలను మార్చారు, వ్యవస్థ పనిముట్లు మూలపడ్డాయి. పట్టాల తనిఖీ కోసం ఉంచిన ట్రాలీ మీద ప్రయాణికులను ఎక్కించినట్టయింది. 2019లో రెడ్ హ్యాట్ తన 8వ విడుదలలో వ్యవస్థ వాడే పైథాన్‌ను కనబడకుండా పక్కన దాచి, వాడుకరులకు వేరే ప్రతి ఇచ్చింది. 2023 జూన్‌లో డెబియన్ 12 ఇంకో మెట్టు ఎక్కింది. పైథాన్ లైబ్రరీలను దించే పిప్‌తో నేరుగా ఏదైనా దించబోతే, ఈ పైథాన్‌ను వేరేవారు నిర్వహిస్తున్నారంటూ ఆపేస్తుంది.

నిర్ణయం సరైనదే. దాని బరువు ఎవరి మీద పడిందో కూడా చూడాలి. సీబీఎస్‌ఈ పదకొండు, పన్నెండు తరగతుల కంప్యూటర్ సైన్సులో సీ++ స్థానంలోకి పైథాన్ వచ్చింది. పన్నెండో తరగతిలో పైథాన్ ప్రోగ్రామును ఎస్‌క్యూఎల్ డేటాబేస్‌తో కలపడం ఒక పాఠం. పాఠం చెప్పినట్టు పిప్‌తో కనెక్టర్ దించబోయిన విద్యార్థికి ఇంగ్లీషులో పొడవాటి ఎర్రర్ ఎదురవుతుంది. దానికన్నా ముందే ఇంకో చిక్కు ఉంది. పాఠాల్లో చూపే ఐడిల్ విండో డెబియన్, ఉబుంటుల్లో పైథాన్‌తో రాదు. అది విడి ప్యాకేజీ. ఉబుంటు 20.04 నుంచి ఒట్టి ‘పైథాన్’ అని కొడితే కమాండే దొరకదు, చివర 3 చేర్చాలి. డిస్కులో భాష ఉంది, పుస్తకంలోనూ అదే భాష ఉంది, రెండూ మాత్రం కలవవు.

నేర్చుకునేవారి పక్షం

మూడో వర్గం ఈ చిక్కును నెత్తికెత్తుకుంది. ఆన్ చేయగానే రాసి చూసుకునే భాష ఎదురుగా ఉండాలన్న పాత బేసిక్ ఆశయమే వీరిది. పిల్లల కోసం వచ్చిన ఓఎల్‌పీసీ లాప్‌టాప్‌లో షుగర్ అనే వాతావరణమంతా పైథాన్‌లో రాసి, లోపలి కోడును పిల్లలు తెరిచి చూసేలా చేశారు. 2012లో మొదలైన చిన్న కంప్యూటర్ రాస్‌బెర్రీ పై తన పేరులోని ‘పై’ని పైథాన్ నుంచే తీసుకుంది. దాని డెబియన్ ఆధారిత వ్యవస్థలో పైథాన్, స్క్రాచ్ మొదటి నుంచీ ఉన్నాయి.

అయితే ఈ పక్షమే లైసెన్సు పక్షంతో తలపడవలసి వచ్చింది. 2013 నవంబరు 21న వోల్ఫ్రామ్ భాషనూ మ్యాథమెటికానూ రాస్‌బెర్రీ పైతో ఉచితంగా కలిపి ఇస్తున్నట్టు ప్రకటన వచ్చింది. వాణిజ్యేతర వాడకానికి డబ్బు అక్కర్లేదు, మూలం మాత్రం మూసే ఉంటుంది. వేల రూపాయల పనిముట్టు పేద పిల్లవాడి చేతికి వచ్చిందని ఒకరు, స్వేచ్ఛా వ్యవస్థలో మూసిన పెట్టె పెట్టారని ఇంకొకరు అన్నారు. ఇద్దరి మాటలోనూ నిజముంది. 2018లో ఆ వ్యవస్థను చిన్న, మధ్య, పూర్తి అని మూడు పరిమాణాల్లో విడుదల చేయడం మొదలుపెట్టాక మ్యాథమెటికా పూర్తి ఇమేజ్‌కు మారింది. పేచీని సూత్రంతో తేల్చలేకపోయారు, పరిమాణంతో సర్దుబాటు చేశారు.

మన దేశంలో ఈ పక్షానికి బలమైన ఉదాహరణ కేరళ. 2001లో మొదలైన ‘ఐటీ@స్కూల్’ ప్రాజెక్టు కొద్ది ఏళ్లలోనే ప్రభుత్వ పాఠశాలలను స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ వైపు మళ్లించింది. పాఠ్యపుస్తకం రాసేవారు, డిస్కు తయారుచేసేవారు ఒకే ప్రాజెక్టు కింద ఉండటం అక్కడి ప్రత్యేకత. పుస్తకంలో ఉన్నదే డిస్కులో ఉంటుంది. జాతీయ స్థాయిలో సీడాక్ 2007 జనవరి 10న బాస్ లినక్స్‌ను విడుదల చేసింది, తరువాత పాఠశాలల కోసం ఎడ్యుబాస్ తెచ్చింది. తెలుగులో హైదరాబాదు కేంద్రంగా పనిచేసే ‘స్వేచ్ఛ’ సంస్థ తెలుగు ఆపరేటింగ్ సిస్టంను, బడిపిల్లల కోసం ‘బాల స్వేచ్ఛ’ను అందించింది. ఇంజినీరింగ్ విద్యార్థులు, స్వచ్ఛంద కార్యకర్తలు మెనూలనూ సందేశాలనూ తెలుగులోకి తెచ్చిన శ్రమ దాని వెనుక ఉంది. ఛత్తీస్‌గఢ్ వైపు చూస్తే రవిశంకర్ శ్రీవాస్తవ కేడీఈ డెస్క్‌టాప్‌ను ఛత్తీస్‌గఢీలోకి అనువదించారు.

ఈ కృషికి చేతులెత్తి నమస్కరించాలి. అయితే మెనూ తెలుగులోకి వచ్చినంతగా ప్రోగ్రామింగ్ తెలుగులోకి రాలేదు. మెనూ దాటి కమాండు దగ్గరికి వెళ్లగానే విద్యార్థి మళ్లీ ఇంగ్లీషులో పడతాడు.

పక్కపక్కన పెడితే

మూడు వర్గాలూ ఒకే మాట మీద పోట్లాడుతున్నట్టు కనిపించినా అడిగే ప్రశ్నలు వేరు. ఈ భాషను పంచే హక్కు ఉందా అని లైసెన్సు పక్షం అడుగుతుంది. పదేళ్లు దీన్ని ఎవరు మోస్తారని నిర్వహణ పక్షం, మొదటి గంటలో పిల్లవాడు ఏం చేయగలడని బోధన పక్షం అడుగుతాయి. మొదటివారి విజయం జావా. రెండోవారిది డెబియన్ 12 వేసిన గట్టు. మూడోవారిది కేరళ. నాలుగో గొంతు కూడా ఒకటుంది, భాషలను తయారుచేసేవారిది. పంపిణీదారులు ఇచ్చే పాత ప్రతులతో తమ భాషకు చెడ్డపేరు వస్తోందని వీరి ఫిర్యాదు. జూలియా బృందం తాము కట్టిన ప్రతినే దించుకొమ్మంటుంది, రస్ట్ తన సొంత ఇన్‌స్టాలర్‌ను సిఫారసు చేస్తుంది. ఇంటర్నెట్ ఎప్పుడూ ఉంటుందన్న నమ్మకం మీద నిలబడ్డ వాదమిది. బిలాస్‌పూర్ పరీక్షలో ఇది నెగ్గడం కష్టం.

డెబియన్ గుమ్మం

బాస్, స్వేచ్ఛ, ఉబుంటు, రాస్‌బెర్రీ పై వ్యవస్థ అన్నీ డెబియన్ వంశంలోవే. కాబట్టి ఒక భాష వీటన్నిటికీ చేరాలంటే దగ్గరి దారి డెబియన్‌లో ప్యాకేజీ కావడం. ముందు ప్యాకేజీ చేయబోతున్నట్టు బహిరంగంగా నమోదు చేయాలి. అధికారిక సభ్యులు కానివారికి ఒక సభ్యుడి పూచీ కావాలి. ఆపైన కొత్త ప్యాకేజీల వరుసలో ఫైలు ఫైలుకూ లైసెన్సు తనిఖీ జరుగుతుంది. అక్కడి నుంచి అస్థిర విభాగం, పరీక్షా విభాగం దాటి స్థిర విడుదలకు చేరాలి. విడుదలలు దాదాపు రెండేళ్లకు ఒకసారి వస్తాయి: 2021 ఆగస్టు, 2023 జూన్, 2025 ఆగస్టు. విడుదలకు ముందు మార్పులను ఆపేసే ఫ్రీజ్‌కు మునుపు లోపలికి రాని భాష ఇంకో రెండేళ్లు బయటే.

ఇందులో ఒక నియమానికి ప్రాధాన్యం ఉంది. ప్యాకేజీ కట్టేటప్పుడు ఇంటర్నెట్ నుంచి ఏదీ దించుకోకూడదు. కావలసిన ప్రతి లైబ్రరీ ముందే డెబియన్‌లో ఉండాలి. కొత్త భాషల రూపకర్తలకు ఇది పెద్ద తలనొప్పి. తన కంపైలర్‌ను తన భాషలోనే రాసుకున్న భాషకైతే మొదటి కంపైలర్ ఎక్కడి నుంచి తేవాలన్న చిక్కు కూడా తోడవుతుంది. డీవీడీల సెట్టు దగ్గర పెట్టుకున్న దూరపు ఊరి పాఠశాలకు మాత్రం ఈ కాఠిన్యమే అండ. నెట్ లేకుండా కట్టగలిగినదాన్ని నెట్ లేకుండా ఎక్కించుకోవచ్చు. పిప్ ఆపేసిన ఆ ఎస్‌క్యూఎల్ పాఠానికి కావలసిన లైబ్రరీ ఒకటి డెబియన్ ప్యాకేజీగా ఎప్పటినుంచో ఉంది. ఆ సంగతి పాఠంలోకి ఎక్కాలి, అంతే.

తెలుగు అక్షరం దగ్గర

భాషను కలిపి ఇచ్చినంత మాత్రాన అది తెలుగు పిల్లలకు అందినట్టేనా? తమిళంలో ముత్తయ్య అణ్ణామలై రూపొందించిన ‘ఎళిల్’ కీలక పదాలనే తమిళంలో పెట్టింది. హిందీలోనూ అలాంటి ప్రయత్నాలు జరిగాయి. ఆ భాషలో నేర్చుకున్నది బయట ఎక్కడా కనిపించదన్నది వ్యతిరేకుల వాదన. మొదటి మెట్టు సొంత భాషలో ఉంటే మిగతావి ఎక్కగలరన్నది సమర్థకులది. పెద్ద ఎత్తున పరీక్షించి చూస్తే తప్ప ఇది తేలదు.

ఈలోగా మధ్యస్థ మార్గం ఒకటి తెరిచే ఉంది. 2008 డిసెంబరులో వచ్చిన పైథాన్ 3 నుంచి చరరాశుల పేర్లను తెలుగులో పెట్టుకోవచ్చు. ‘చుట్టుకొలత = 4 * భుజం’ అని రాస్తే పైథాన్ ఒప్పుకుంటుంది. తెలుగు అంకెల్లో టైపు చేసిన ‘౧౨’ను సంఖ్యగా మార్చమంటే 12 అని సరిగ్గానే మారుస్తుంది. కానీ ‘బిలాస్‌పూర్’ అని పేరు పెట్టబోతే ఆగిపోతుంది. ‘స్’ పొల్లుగా నిలబడటానికి దాని తరువాత టైపు చేసే కనబడని గుర్తును పైథాన్ పేర్లలో అనుమతించదు. ఆ గుర్తు తీసేస్తే పేరు ‘బిలాస్పూర్’ అయిపోతుంది. తెరమీద తప్పేమీ కనబడదు కాబట్టి, ఎర్రర్‌లో ఉన్న యూనికోడ్ సంఖ్య తెలిసినవారికి తప్ప కారణం అంతుపట్టదు.

ఇదే పేరును జావాస్క్రిప్ట్ అంగీకరిస్తుంది. 2009 నాటి ప్రమాణం నుంచి ఆ కనబడని గుర్తును పేర్ల మధ్య వాడుకోవచ్చు. తెలుగు అంకెలను సంఖ్యగా మార్చడం మాత్రం దానికి చేతకాదు. బ్రౌజర్ లేని డెస్క్‌టాప్ ఎక్కడా లేదు కనుక, ప్రతి డిస్కుతోనూ ఏ చర్చా లేకుండా వచ్చే భాష నిజానికి జావాస్క్రిప్టే. మూడు వర్గాల వాదంలోనూ దాని ఊసు తక్కువ. బడుల కోసం డిస్కులు తయారుచేసేవారు దీన్ని ఇంకా గట్టిగా పట్టుకోవలసింది.

తేలనివి

వ్యవస్థకు ఒక ప్రతి, నేర్చుకునేవారికి ఇంకో ప్రతి ఉండాలన్నది ఇప్పుడు చాలామంది ఒప్పుకునే మాట. ఆ రెండో ప్రతిని ఎవరు సిద్ధం చేయాలన్నది మిగిలింది. ఐడిల్, లైబ్రరీలు, తెలుగులో సహాయం, పాఠానికి సరిపడే ఉదాహరణలు కలిపి ఒకే ప్యాకేజీగా ఇవ్వడం సాంకేతికంగా కష్టమేమీ కాదు. ఐఐటీ బొంబాయి స్పోకెన్ ట్యుటోరియల్స్ తెలుగులోనూ ఉన్నాయి. పోతన, వేమన ఫాంట్లు డెబియన్‌లో ఎప్పటినుంచో ఉన్నాయి. ముడిసరుకు కొరత లేదు.

ఇంకో ప్రశ్న పాత యంత్రాలది. 2025 అక్టోబరు చివర డెబియన్ ప్యాకేజీ పనిముట్టు ఏపీటీ నిర్వాహకుల్లో ఒకరు, 2026 మే తరువాత దానికి రస్ట్ తప్పనిసరి అవుతుందని ప్రకటించారు. మెమరీ లోపాల నుంచి రక్షణ దొరుకుతుందని సమర్థకులు, రస్ట్ నడవని పాత నిర్మాణాలు రాలిపోతాయని ఆక్షేపకులు వాదిస్తున్నారు. మామూలు ఇంటెల్ కంప్యూటర్లకు దీనితో వెంటనే ముప్పు లేదు. అయినా డెబియన్ 12తోనే 32 బిట్ ఇంటెల్ యంత్రాల్లో బాగా పాతవాటికి మద్దతు తగ్గింది, 2025 నాటి డెబియన్ 13లో 32 బిట్ ఇంటెల్ యంత్రాలకు అసలు ఇన్‌స్టాలరే లేదు. దానంగా వచ్చిన పాత కంప్యూటర్లతో ల్యాబు నడిపే బడులు ఈ లెక్క ఇప్పుడే చూసుకోవాలి.

డెబియన్ తదుపరి విడుదల ఫోర్కీ. తెలుగు విద్యార్థుల ప్యాకేజీ ఏదైనా అందులో ఉండాలంటే దాని ఫ్రీజ్‌కు ముందే నమోదు, తనిఖీ పూర్తి కావాలి. ఆ తరువాత వచ్చే బగ్ నివేదికలకు కొన్నేళ్లపాటు జవాబు చెప్పే నిర్వాహకుడూ ఉండాలి.